దొంగ సాఫ్ట్‌వేర్, 0.01 స్ట్రిప్పు

"మీది దొంగ సాఫ్ట్‌వేర్. దొంగ లెక్కలు రాసి మా షాపుని సర్వనాశనం చేశారు. అందరి మీదా కేసు పెడతా."

గాజువాక వైపున్న ఒక మందుల షాపు ఓనరు పంపిన ఫిర్యాదు ఇది. ముందూ వెనకా ఇంకేమీ లేదు, మొత్తం ఇంతే. రుషికొండ ఐటీ హిల్స్ మీద మాదొక చిన్న కంపెనీ. మందుల షాపులకి బిల్లింగూ స్టాకూ చూసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. వచ్చిన ఫిర్యాదులు చదివి, ఏది ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చడం నా పని. కాబట్టి తిట్లు నాకు కొత్త కాదు. "చెత్త", "దరిద్రం", "మా బతుకు బస్టాండ్ చేశారు", "జనాల ప్రాణాలతో ఆడుకుంటున్నారు" లాంటివి పొద్దున్నే టీతో పాటు చదువుతాను.

ఈ ఫిర్యాదు అందుకున్నవాళ్లు ఏం చేశారో చెప్తాను. "దొంగ లెక్కలు" అన్నాడు కాబట్టి లెక్కలు చూశారు. బిల్లుల మొత్తం సరిపోయింది. జీఎస్టీ సరిపోయింది. రోజు చివర క్యాషు సరిపోయింది. బయటివాళ్లెవరూ డేటా మార్చిన జాడ లేదు. "సార్, పూర్తిగా పరిశీలించాం, మీ లెక్కలన్నీ సక్రమంగా ఉన్నాయి" అని జవాబు పంపి టికెట్ (ఫిర్యాదుకి మేం తెరిచే నమోదు) మూసేశారు. ఆయన వేసిన నిందకి అది సరైన జవాబే. నిజంగానే అక్కడ దొంగతనం లేదు.

ఉన్నది వేరే. కొన్ని మందులు స్ట్రిప్పుకి 15 మాత్రలు వస్తాయి. డాక్టరు ఐదు రోజులకి రాస్తే షాపువాళ్లు ఐదే కత్తిరించి ఇస్తారు. మా సాఫ్ట్‌వేర్ మొదట్నుంచీ స్ట్రిప్పునే యూనిట్‌గా పెట్టుకుంది. ఐదు మాత్రలంటే స్ట్రిప్పులో మూడో వంతు. దాన్ని రెండు దశాంశాలకి కుదించి 0.33 అని రాసుకుంటుంది. అలా మూడుసార్లు అమ్మితే అరలో స్ట్రిప్పు అయిపోతుంది, స్టాకులో మాత్రం తగ్గేది 0.99. మిగతా 0.01 స్ట్రిప్పు తెర మీద ఉంటుంది, షాపులో ఉండదు. ఈ లెక్కన నూరు స్ట్రిప్పులు అమ్మేసరికి లేని స్ట్రిప్పు ఒకటి పూర్తిగా తయారవుతుంది. బిల్లు మాత్రల లెక్కన విడిగా పడుతుంది కనుక డబ్బులో తేడా రాదు. అందుకే క్యాషు చూసినవాళ్లకి ఏమీ కనబడలేదు.

ఇది డిజైన్ తప్పు. ఒక లైను పొరపాటుగా రాయడం వల్ల వచ్చింది కాదు. మన షాపుల్లో మందులు లూజుగా అమ్ముతారన్న సంగతిని పునాదిలోనే వదిలేయడం వల్ల వచ్చింది. అంటే ఆయన ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. అయినా మూతపడింది.

తర్వాత ప్రింటర్ పని మీద వెళ్లిన మా సపోర్టు కుర్రాడితో ఆ ఓనరే మామూలుగా మాట్లాడుతూ అన్నాడట: "ఏటి బాబూ, మీ దాన్లో ఉన్న సరుకు నా అరలో ఎందుకుండదు?" ఈ ఒక్క వాక్యంతో విషయం మొత్తం బయటపడింది. దాంతో పాటు ఇంకోటి కూడా. స్టాకులో కనబడి అరలో లేని మందులు కౌంటర్ దగ్గర కుర్రాడే పట్టుకుపోతున్నాడని ఆయన అప్పటికే అనుమానం పెట్టుకుని, ఒక నెల జీతంలో కోత కూడా పెట్టాడు. కేసు పెడతానంటూ రాసిన ఆ మూడు వాక్యాల్లో ఆ కుర్రాడి ప్రస్తావనే లేదు. అన్నిటికన్నా బరువైన విషయం అది.

అతిశయోక్తితో నాకున్న పేచీ ఇక్కడే. మర్యాద తప్పుతున్నారన్నది నా బాధ కాదు. "దయచేసి గౌరవంగా రాయండి" అని ఫిర్యాదు పేజీ నెత్తిన బోర్డు పెట్టే కంపెనీలంటే నాకు చిరాకు. డబ్బు తీసుకుని చెడ్డ సరుకు ఇచ్చి, మళ్లీ మర్యాద కూడా వాళ్లే అడగడం ఏంటి? కోపం రావడం సహజం, కోపంగానే రాయొచ్చు. "రాత్రి పదిన్నరకి షాపు కట్టేసే టైముకి స్టాకు తేలక నాకు పిచ్చెక్కింది" అనేది అతిశయోక్తి కాదు, అది సమాచారం. ఎప్పుడు, ఏ పని దగ్గర, ఎంత విసిగించిందో అందులో ఉంది. "సర్వనాశనం" అనే మాటలో అదేమీ లేదు. పైగా అవతలివాళ్లకి అది తప్పించుకునే దారి ఇస్తుంది. ఫిర్యాదులో పెద్ద మాట, చిన్న నిజం రెండూ ఉంటే జవాబిచ్చేవాడు పెద్ద మాటకే జవాబిస్తాడు. దాన్ని కాదనడం తేలిక కాబట్టి. నాశనం కాలేదు, దొంగతనం జరగలేదు, టికెట్ క్లోజ్డ్.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉన్నారు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. ఆయనకి ఒక బీమా యాప్‌లో పుట్టిన తేదీ ఎక్కించాల్సి వచ్చింది. క్యాలెండర్ తెరుచుకుంటుంది, బాణం నొక్కితే ఒక నెల వెనక్కి వెళ్తుంది. సంవత్సరం టైపు చేసే వీలు లేదు, ఎంచుకునే వీలూ లేదు. ఆయన పుట్టింది 1951లో. ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, "ముసలోళ్లని చంపడానికే కనిపెట్టిన యాప్" అని రాశారు. మర్నాటికి జవాబు వచ్చింది: మా యాప్ పూర్తిగా సురక్షితమైనది, ఎందరో సీనియర్ సిటిజన్లు సంతోషంగా వాడుతున్నారు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం.

"మరేం రాయమంటావమ్మా? చంపేశారంటేనే చూస్తారు" అన్నారాయన.

"చూశారు కదా బాబాయ్ గారూ. చూసి, మేం చంపడం లేదన్నారు."

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. నొక్కుకి ఒక నెల చొప్పున డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలంటేనే 840 నొక్కులు. ఆయన ఇంకా వెనక్కి వెళ్లాలి. మధ్యలో వేలు జారి బయట నొక్కితే క్యాలెండర్ మూసుకుపోయి మళ్లీ ఈ నెల నుంచి మొదలవుతుంది. నిజం చెప్పాలంటే "చంపడానికే" అన్న మాట కన్నా ఈ 840 చాలా ఎక్కువ పరువు తీస్తుంది. అది చదివిన డిజైనర్ తల ఎత్తుకోలేడు. చాలా ఫిర్యాదుల్లో నేను గమనించేది ఇదే. అసలు సంగతి మనం పెంచి చెప్పిన దానికన్నా సిగ్గుచేటుగా ఉంటుంది, దాన్ని మనమే పెద్ద మాటల కింద కప్పేస్తాం.

ఆయన గోదావరి ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషి (మన ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు). "షిఫ్టు లాగ్‌బుక్‌లో 'ఫర్నేస్ కొంప ముంచింది' అని రాసేవారా?" అని అడిగాను. నవ్వి, ఒక మాటన్నారు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. "లాగ్‌బుక్‌ని తర్వాత షిఫ్టు వాడు చదువుతాడని తెలుసమ్మా. అందుకే అంకెలు రాసేవాళ్లం. ఇక్కడ చదివేదెవడు?"

ఇది బలమైన వాదన. నెమ్మదిగా, పద్ధతిగా చెప్పినవాళ్ల మాట విన్నారా అంటే, వినని చరిత్ర చాలా ఉంది. బ్రిటన్ పోస్టాఫీసు కథే చూడండి. ఫుజిట్సు కంపెనీ హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ని అక్కడి పోస్టాఫీసు శాఖల్లో పెట్టారు. తెర మీద ఒక మొత్తం, గల్లా పెట్టెలో ఒక మొత్తం. తేడాని శాఖ నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లే కట్టాలన్నారు, కట్టలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకెళ్లారు. వాళ్లేమీ కేకలు వేసినవాళ్లు కాదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఫలానా రోజు ఇంత తేడా వచ్చిందని చెప్పుకున్నారు. ఈ సమస్య మీకొక్కరికే వచ్చిందని చాలామందికి జవాబు చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ (ప్రోగ్రాములోని తప్పులు) ఉన్నాయని హైకోర్టు తీర్పు రావడానికి 2019 దాకా పట్టింది. శిక్షలు మూకుమ్మడిగా రద్దు చేస్తూ చట్టం వచ్చింది 2024లో.

గాజువాక షాపులో కౌంటర్ కుర్రాడి విషయం తెలిసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. తెర మీద సరుకుంది, అరలో లేదు, కాబట్టి మనిషే దొంగ. కొలత చాలా చిన్నది, తర్కం మాత్రం అదే.

బ్రిటన్‌లో అసలు గోల పెట్టాల్సింది. "అమాయకులని జైల్లో పెడుతున్నారు" అని రాస్తే అది అతిశయోక్తి కాదు, అక్షరాలా నిజం. మాట తగ్గించి ఆడినవాళ్లు అవతలి పక్షం. పోస్టాఫీసు అధిపతి పౌలా వెన్నెల్స్ 2013లో, బగ్స్ అనే మాటకి బదులు మనసుని అంతగా కదిలించని మాట ఏదైనా ఉందా అని తన భర్తని మెయిల్‌లో అడిగారు. మినహాయింపు అనో, అసాధారణత అనో అనొచ్చని ఆయన సలహా. ఇది 2024లో విచారణలో బయటికొచ్చింది. ఒక పక్క మనుషులు జైలుకి, ఇంకో పక్క నిఘంటువులో మెత్తటి మాట కోసం వెతుకులాట. కాబట్టి నేను అతిశయోక్తి వద్దంటుంటే "అయితే అంతా మెత్తగా మాట్లాడాలా" అని ఎవరైనా అంటే, కానే కాదు. పెంచడం ఎంత తప్పో, జరిగిన ఘోరాన్ని కుదించడం అంతకన్నా పెద్ద తప్పు. చెప్పే మాట జరిగిన నష్టానికి సరిపోవాలి, అంతే నేనడిగేది.

విశాఖలో పెరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. మూడో నంబరంటే ఏంటో ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినడిగినా చెప్తారు. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేసిన రోజు తర్వాత ఆ పెద్ద నంబర్లని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ప్రతి చిరుజల్లుకీ పదో నంబరు ఎగరేస్తూ పోతే, అసలు తుఫాను వచ్చిన రోజు బోటు ఎవరు ఆపుతారు? ఇక పదకొండో నంబరుకి అర్థం, హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నా ఉద్యోగంలో నేను నిజంగా భయపడేది దానికి. తిట్టేవాళ్లు కనీసం ఇంకా మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. ఏమీ అనకుండా పక్క కంపెనీకి మారిపోయినవాళ్లకి మా దాంట్లో ఏ తప్పు తగిలిందో మాకు ఎప్పటికీ తెలియదు.

ఈ నంబర్లు పెంచే జబ్బు వాడేవాళ్ల దగ్గరే ఉందనుకోకండి. ఏ ఐటీ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. టికెట్లకి పీ1, పీ2, పీ3 అని వరస ఉంటుంది. పీ1 అంటే అన్నీ ఆపి ముందు ఇది చూడమని. కొన్నాళ్లకి అన్నీ పీ1లే అవుతాయి. అప్పుడు పీ0 అని ఒకటి పుట్టిస్తారు. బటన్ రంగు నచ్చకపోయినా బ్లాకర్ (ఇది తేలేదాకా పని ముందుకెళ్లదు) అని పెట్టే మేనేజర్లున్నారు. అదే మనిషి, ఎక్కడో ఒక షాపు తన టికెట్‌లో "చాలా చాలా అర్జెంట్" అని రాస్తే, "వీళ్లకి అన్నీ అర్జెంటే" అని నవ్వుతాడు.

ప్రోగ్రామర్లు తమలో తాము మాట్లాడుకునే తీరు కూడా తక్కువేం కాదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి రాసిన తిట్ల మెయిల్స్ తీసి చూస్తే, సాంకేతికంగా చాలావాటిలో ఆయన చెప్పింది సరైనదే. 2012 డిసెంబరులో ఒకటి బాగా పాకింది. కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రాము) మారినందువల్ల మామూలు ప్రోగ్రాములు పాడైతే తప్పు కెర్నెల్‌దే, వాడేవాళ్ల మీదికి నెట్టొద్దు అన్నది అందులో సారాంశం. వాడేవాళ్ల పక్షాన అంతకన్నా మంచి సూత్రం నేను వినలేదు. కానీ ఆ మెయిల్ పేరు చెప్తే జనానికి గుర్తొచ్చేది పెద్దక్షరాల్లో అరిచిన మొదటి వాక్యమే. 2018 సెప్టెంబరులో తన భాషకి ఆయనే క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నారు.

అన్నిటికన్నా నాకు పాఠంలా అనిపించేది ఎక్స్‌జెడ్ వ్యవహారం. ఫైళ్లని కుదించే చిన్న ఉపకరణం అది, ప్రపంచంలో సగం సర్వర్లు తెలియకుండానే దాని మీద ఆధారపడతాయంటే పెద్ద తప్పు కాదు (ఇదిగో, సగం అనేశాను, "చాలా సర్వర్లు" అని చదువుకోండి). దాన్ని ఒక్క మనిషి, లాస్సె కొలిన్, జీతం లేకుండా చూసుకునేవాడు. 2022లో మెయిలింగ్ లిస్టులో ఆయన మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పనులు నడవడం లేదు, నీకు ఆసక్తి పోయింది, వేరేవాళ్లకి అప్పజెప్పే దాకా ఇది ముందుకెళ్లదు, ఇలా. నిజానికి అక్కడ న్యాయమైన సమస్య ఉంది, పని నెమ్మదిగానే సాగుతోంది. తన ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని పనని ఆయన చెప్పుకున్నాడు. ఒత్తిడి ఆగలేదు. చివరికి జియా టాన్ పేరుతో తిరుగుతున్న ఒకరికి అధికారాలు దక్కాయి. ఆ పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు (సర్వర్లలోకి రహస్యంగా దూరే దారి) పెట్టారు. అప్పట్లో గొడవ చేసిన ఖాతాలు కూడా ఆ పన్నాగంలో భాగమే అయి ఉంటాయని తర్వాత బలంగా అనుమానించారు. అలిసిపోయిన మనిషి మీద పెద్ద మాటలు ఎలా పనిచేస్తాయో ఆ పన్నాగం పన్నినవాళ్లకి బాగా తెలుసు.

బయటపెట్టిందెవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. తన మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! మనలో ఎవరమైనా అయితే "నత్తనడక, తగలెయ్యండి దీన్ని" అని ఓ పోస్టు పెట్టి ఊరుకుంటాం. ఆయన కొలిచాడు. ముందు 0.299 సెకన్లు, కొత్త వెర్షన్ పెట్టాక 0.807. ఎందుకని తవ్వుకుంటూ పోయి, 2024 మార్చి 29న రాసిన మెయిల్‌లో ఆ అంకెలు అలాగే పెట్టాడు. ఏది తనకి తెలుసో, ఏది తన ఊహో విడివిడిగా చెప్పాడు. ప్రపంచం అంతమైపోతోందని రాసే హక్కు ఆ రోజు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆయన రాయలేదు. చదివినవాళ్లు గంటల్లో పరుగులు పెట్టారు.

అతిశయోక్తుల్లో నాకు అసలు గిట్టనిది ఒకటుంది: "కావాలనే చేశారు". పరిమాణం పెంచడం ఒక ఎత్తు, ఉద్దేశం అంటగట్టడం ఇంకో ఎత్తు. స్ట్రిప్పు లెక్క తప్పిన చోట ఎవరి దురుద్దేశమూ లేదు, అజ్ఞానం ఉంది. ముసలివాళ్ల మీద పగతో ఎవరూ ఆ క్యాలెండర్ చేయలేదు. చేసినవాడికి పాతికేళ్లుంటాయి, తన పుట్టిన తేదీతోనే పరీక్షించి ఉంటాడు. దురుద్దేశం అనగానే అవతలివాళ్లు తప్పుని వదిలేసి తమ నిజాయితీని నిరూపించుకునే పనిలో పడతారు.

కాకపోతే కొన్నిచోట్ల నిజంగానే కావాలని చేస్తారు. బుట్టలో మనం వేయని వస్తువు చేర్చడం, సభ్యత్వం తీసుకోవడానికి ఒక నొక్కు పెట్టి వదులుకోవడానికి చుక్కలు చూపించడం, "ఇంకా రెండే మిగిలాయి" అని అబద్ధపు తొందర పెట్టడం. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటి మీద మార్గదర్శకాలు ప్రకటించింది, 13 రకాలకి విడివిడిగా పేర్లు పెట్టింది. అక్కడ మోసం అంటే మోసమనే అనండి, ఒక్క మెట్టు కూడా తగ్గొద్దు. 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. కానీ అక్కడ కూడా "దొంగ కంపెనీ" కన్నా "నేను ఎంచుకోని 49 రూపాయల కవర్ బిల్లులో దానంతటదే చేరింది, ఇదిగో స్క్రీన్‌షాట్" అన్నదే పనికొస్తుంది.

మన తెలుగు మాటలోనే పెంచి చెప్పే తీపి ఉందని నాకు తెలుసు. ఆకలేస్తే చచ్చిపోతున్నాం, ఎండకి మాడిపోతున్నాం, ఆటోవాడు ఇరవై ఎక్కువడిగితే నిలువునా దోచేశాడు. ఇంట్లో అది చెల్లుతుంది. వినేవాళ్లకి మన సంగతి తెలుసు, ఎంత తగ్గించుకోవాలో కూడా తెలుసు. రుషికొండ మీద కూర్చుని టికెట్ చదివే నాకు మాత్రం గాజువాక ఓనరు ఎవరో తెలియదు. ఆయన "సర్వనాశనం"లోంచి ఎంత తీసేయాలో నాకెలా తెలుస్తుంది?

బాబాయ్ గారి ప్రశ్న మిగిలింది: చదివేదెవడు? ఇది మా వైపు సరిచేయాల్సిన పని. ఒక స్టార్, ఒక చిన్న పెట్టె ఇచ్చి, ఆ పైన యంత్రంతో జవాబిప్పిస్తే, జనం అరవక ఏం చేస్తారు? మా ఫారంలో ప్రాధాన్యం ఎంత అనే గడి తీసేయించాను. దాని బదులు మూడు ప్రశ్నలు పెట్టాం. ఏ పని ఆగింది? తెర మీద ఏం కనబడింది, అసలు ఏం ఉండాలి? ఇప్పటికి ఎలా నెట్టుకొస్తున్నారు? మూడోదాంట్లోనే ఎక్కువ సంగతులు బయటపడుతున్నాయి. ఒక షాపులో మా స్టాకు లెక్క పక్కన పెట్టి నోటుబుక్కు నడుపుతున్నారని దానివల్లే తెలిసింది. మొదటి గడిలో "అన్నీ ఆగిపోయాయి" అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఉంటారు.

ఇంకొక్కటి మాత్రం కుదరలేదు. ఫిర్యాదు పంపగానే వెళ్లే జవాబులో "మీ అభిప్రాయం మాకు అత్యంత విలువైనది" అని ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా "విప్లవాత్మక అనుభవం" అని మెసేజ్ పంపేదీ మేమే. స్ట్రిప్పు లెక్క రాని సాఫ్ట్‌వేర్‌కి విప్లవమేంటి? ముందు మేం ఇలా మాట్లాడి, వాడేవాళ్లు "సర్వనాశనం" అంటే నొచ్చుకుంటే ఎలా? ఆ వాక్యం తీసేసి, టికెట్ ఎవరు చదువుతారో వాళ్ల పేరు, ఏ తేదీలోగా జవాబిస్తారో ఆ తేదీ పెట్టమని అడిగాను. పేరు పెడితే ఫోన్లు చేసి తిడతారని మార్కెటింగ్ వాళ్లు ఒప్పుకోలేదు. నా పేరే పెట్టమన్నాను. పై వాళ్లతో మాట్లాడి చెప్తామన్నారు.